పండుగ కాక్టస్ మన ఇంట మళ్ళీ పూయాలంటే

చలికాలం మొదలవగానే హైదరాబాదు వంటి నగరాల్లోని నర్సరీల్లో ముళ్ళు లేని, ఆకులు లేని ఒక చిన్న కుండీ మొక్క కనిపిస్తుంది. చదునైన పచ్చని ముక్కలు గొలుసులా ఒకదాని చివర ఒకటి అతుక్కొని కుండీ అంచు నుండి కిందికి వంగి ఉంటాయి. ఆ గొలుసుల కొసల నుండి గులాబీ, ఎరుపు, తెలుపు, నారింజ రంగుల పూలు వేలాడుతుంటాయి. క్రిస్మస్ కాక్టస్ అన్న పేరుతో అమ్ముడయ్యే ఈ మొక్కను కొన్నవారు మరుసటి ఏడాది దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు. మొక్క పచ్చగానే ఉంది, కొత్త చిగుళ్ళూ వేసింది, మొగ్గ మాత్రం తొడగలేదు. ఏ ఎరువు వేయాలి? ఈ ప్రశ్నకు సమాధానం ఎరువుల సంచిలో లేదు. రాత్రి ఎంత పొడవుగా ఉంది, ఎంత చల్లగా ఉంది, ఆ రాత్రిలో ఎన్ని దీపాలు వెలిగాయి అన్న మూడు విషయాల్లో ఉంది. ఈ మూడింటినీ అర్థం చేసుకోకుండా ఏటా ఒక కొత్త కుండీ కొని, పూత అయ్యాక పారవేయడం డబ్బుకూ మొక్కకూ నష్టమే. సరిగా చూసుకుంటే ఇది తరం నుండి తరానికి అందించదగిన మొక్క. పాశ్చాత్య దేశాల్లో అమ్మమ్మల నాటి కుండీలను మనుమరాళ్ళు పెంచుతున్న కుటుంబాలు తక్కువేమీ కాదు.

ఎడారిది కాదు, అడవిది

కాక్టస్ అనగానే మనకు నాగజెముడు గుర్తుకు వస్తుంది. ఎండ, ఇసుక, నీరు లేని నేల కళ్ళముందు నిలుస్తాయి. (గట్ల మీద కంచెగా పెరిగే బొమ్మజెముడు కాక్టస్ కుటుంబానికి చెందినదే కాదు, అది పాలజాతి మొక్క. పేరులోని పోలిక చూసి రెండింటినీ ఒకే గాటన కట్టడం మన పాఠ్యపుస్తకాల్లో కూడా జరుగుతుంటుంది.) పండుగ కాక్టస్‌లు ఈ ఊహకు పూర్తిగా భిన్నమైనవి. ఆగ్నేయ బ్రెజిల్‌లో, రియో డి జనీరో నగరానికి ఎగువన సముద్రానికి సమాంతరంగా సాగే పర్వతశ్రేణుల మీది మేఘారణ్యాలు వీటి పుట్టిల్లు. అక్కడ ఇవి నేలలో పెరగవు. చెట్ల కొమ్మల పంగల్లో, నాచు పట్టిన రాతి పగుళ్ళలో, కుళ్ళిన ఆకులు చేరిన చిన్న గుంటల్లో వేళ్ళూని బతికే వృక్షోపజీవులివి. చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటాయి, బదనికలా రసం పీల్చవు. గాలిలో ఎప్పుడూ తేమ, పైన చెట్ల నీడ, వేళ్ళకు కొద్దిపాటి ఆకుమట్టి, వాన పడగానే నీరంతా జారిపోయే చోటు. ఈ నాలుగు లక్షణాలు మనసులో పెట్టుకుంటే పెంపకంలో సగం పాఠం అయినట్లే.

తెలుగు ఇళ్ళకు ఈ తరహా కాక్టస్ కొత్తేమీ కాదు. పెరట్లో వాన కాలపు రాత్రి విప్పారి తెల్లవారేసరికి వాడిపోయే పువ్వును మనం బ్రహ్మకమలం అంటున్నాం. నిజమైన బ్రహ్మకమలం హిమాలయాల ఎత్తుల్లో పూసే వేరొక మొక్క. మన ఇళ్ళలోనిది ఎపిఫిల్లం ఆక్సిపెటాలం అనే అమెరికా ఖండపు వృక్షోపజీవి కాక్టస్. మనం దాని ఆకు అనుకునేది నిజానికి కాండమే. గత కొన్నేళ్ళుగా రాతి స్తంభాల మీద రైతులు సాగు చేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా చెట్లను పట్టుకొని ఎగబాకే కాక్టసే. బ్రహ్మకమలం పెంచగలిగిన చేతికి పండుగ కాక్టస్ అసాధ్యం కాదు. అయితే పూత విషయంలో డ్రాగన్ ఫ్రూట్‌కూ దీనికీ పూర్తి వైరుధ్యం ఉంది. పగలు పొడవైనప్పుడు డ్రాగన్ ఫ్రూట్ పూస్తుంది, అందుకే కొందరు రైతులు చలికాలంలో తోటలో రాత్రిపూట విద్యుద్దీపాలు వెలిగించి అకాల పూత తెప్పిస్తున్నారు. పండుగ కాక్టస్‌కు అదే దీపం శత్రువు.

పేర్ల చిక్కు

ఈ మొక్కల ప్రజాతి పేరు ష్లుంబెర్గెరా. ఫ్రాన్సు దేశపు కాక్టస్ సేకర్త ఫ్రెడరిక్ ష్లుంబెర్గర్ గౌరవార్థం షార్ల్ లెమేర్ 1858లో ఈ పేరు పెట్టాడు. పాత పుస్తకాల్లో జైగోకాక్టస్ అని కనిపించేది కూడా ఇదే. ట్రంకేటా జాతి 19వ శతాబ్దపు రెండవ దశకం నాటికే ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనంలో పెరుగుతుండేది. మరికొంత ఎత్తైన కొండల్లో పెరిగే రస్సెలియానా జాతిని జార్జి గార్డ్‌నర్ 1837లో బ్రెజిల్‌లోని ఆర్గన్ పర్వతాల మీద కనుగొన్నాడు. ఈ రెండింటినీ ఇంగ్లండులో విలియం బక్లీ సంకరపరచగా పుట్టినదే అసలైన క్రిస్మస్ కాక్టస్. బక్లీ పేరుతోనే దాన్ని ష్లుంబెర్గెరా బక్లీయై అంటారు.

ఇప్పుడు బజారులో క్రిస్మస్ కాక్టస్ పేరుతో వచ్చేవాటిలో అత్యధికం బక్లీ సంకరం కాదు, ట్రంకేటా రకాలు. అమెరికాలో నవంబరు చివరి థాంక్స్‌గివింగ్ పండుగకు పూస్తుంది కనుక ట్రంకేటాకు అక్కడ ఆ పండుగ పేరే ఉంది. గుర్తించడం సులువు. కాండపు ఖండాల అంచున పీత కొండిల్లా మొనదేలిన పళ్ళు, పక్కకు చూసే పువ్వు, పసుపు పుప్పొడి ఉంటే అది ట్రంకేటా. అంచులు గుండ్రంగా అలల్లా ఉండి, పువ్వు నేరుగా కిందికి వేలాడుతూ, పుప్పొడి గులాబీ రంగులో ఉంటే బక్లీ సంకరం. ఖండం కొసన సన్నని నూగు వంటి వెంట్రుకలు, నక్షత్రంలా సమంగా విచ్చుకునే పువ్వు ఉంటే అది ఈస్టర్ కాక్టస్ అనే మూడవ రకం. అది వసంతంలో పూస్తుంది, మన మైదానాల వేడికి మిగతా రెండింటి కన్నా తొందరగా లొంగిపోతుంది.

ఒక ముచ్చట. ఇంత పాశ్చాత్య పండుగల పేర్లున్న ఈ మొక్కను దాని పుట్టింట ‘మే పువ్వు’ అంటారు. దక్షిణార్ధగోళంలో పగళ్ళు కుదించుకుపోయే కాలం అది కనుక అక్కడ మే నెలలో పూస్తుంది. అంటే పండుగ మొక్కది కాదు, మొక్కకు తెలిసింది రాత్రి నిడివి మాత్రమే.

మొగ్గ ఎలా పుడుతుంది

మన రైతులకు కంది విషయంలో ఈ సూత్రం అనుభవంలో ఉన్నదే. తొలకరిలో విత్తిన దీర్ఘకాలిక కంది నెలల తరబడి ఏపుగా పెరిగి, పగలు తగ్గాకనే పూతకు వస్తుంది. అదే కందిని రబీలో విత్తితే మోకాటి ఎత్తుకే పూస్తుంది. చామంతిదీ ఇదే తీరు. వీటిని హ్రస్వ దీప్తికాల మొక్కలంటాం. పేరులో పగలు ఉన్నా మొక్క నిజంగా కొలిచేది ఎడతెగని చీకటిని. కణజాలంలోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ కొలతకు గడియారం వంటిది. చీకటి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగినా ఆ రాత్రి లెక్క చెడిపోతుంది.

పండుగ కాక్టస్‌లో దీనికి ఉష్ణోగ్రత తోడవుతుంది. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 10 నుండి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే పగటి నిడివితో నిమిత్తం లేకుండా మొగ్గ వస్తుంది. 15 నుండి 20 డిగ్రీల మధ్య ఉంటే పొడవైన రాత్రులు తప్పనిసరి. రాత్రులు 23, 24 డిగ్రీలు దాటితే చీకటి ఎంత ఇచ్చినా మొగ్గలు అరకొరగా వస్తాయి, లేదా అసలు రావు. అనుకూలమైన రాత్రులు మూడు నాలుగు వారాలు వరుసగా దొరికితే ఖండాల కొసల్లో సూది మొన అంత ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. చీకటి మొదలైన నాటి నుండి పువ్వు విచ్చుకునే వరకు సుమారు 8 నుండి 10 వారాలు పడుతుంది. మొగ్గ స్పష్టంగా ఏర్పడ్డాక రాత్రి నిడివితో పని ఉండదు.

విదేశీ సలహాలన్నింటిలో ‘రోజుకు కనీసం 13 గంటల చీకటి’ అన్న మాట కనిపిస్తుంది. దీన్ని చదివి మన ఔత్సాహికులు నిరుత్సాహపడతారు. హైదరాబాదులో సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు ఏడాదిలో అతి పొడవైన రాత్రి కూడా 13 గంటలకు కొద్ది నిమిషాలు తక్కువే. సంధ్యవెలుగు తీసివేస్తే ఇంకా తగ్గుతుంది. అయితే మొక్క పూయదా? దాని పుట్టింటి లెక్క చూడండి. మే నెలలో పూసే మొక్క మార్చి నాటికే మొగ్గకు సిద్ధం కావాలి. రియో కొండల మీద మార్చిలో పగలు, రాత్రి ఇంచుమించు సమానం. కనుక 13 గంటలన్నది పొరపాటుకు తావివ్వని భద్రమైన అంకె మాత్రమేనని, ప్రకృతి విధించిన గడప కాదని నా అభిప్రాయం. సెప్టెంబరు చివరి నుండి మార్చి నడిమి వరకు మన పగలు 12 గంటల చుట్టూ లేదా అంతకన్నా తక్కువే. డిసెంబరు మూడవ వారంలో హైదరాబాదు పగలు 11 గంటల 5 నిమిషాలు. మనకు కొరతగా ఉన్నది చీకటి కాదు, చల్లదనం. ఉన్న చీకటిని కూడా మనమే దీపాలతో పాడు చేసుకుంటున్నాం.

ఈ లెక్కను కేలండరు మీద పరిచి చూస్తే మన ప్రాంతాల తేడా తెలుస్తుంది. హైదరాబాదులో అక్టోబరు రాత్రులు సగటున 20 డిగ్రీల దగ్గర ఉంటాయి, నవంబరులో 17 డిగ్రీల చేరువకు దిగుతాయి. అంటే ఆరుబయట లేదా గాలి ఆడే బాల్కనీలో ఉంచిన మొక్కలో అక్టోబరు చివర, నవంబరు మొదట్లో మొగ్గకు బీజం పడుతుంది. అక్కడి నుండి 8 నుండి 10 వారాలు లెక్కిస్తే పూలు విచ్చుకునేది జనవరి ప్రథమార్ధంలో. మన దక్కను పీఠభూమిలో ఇది క్రిస్మస్ కాక్టస్ కాదు, సంక్రాంతి కాక్టస్ అనుకుంటే నిరాశ ఉండదు. డిసెంబరు 25 నాటికి పూయలేదని మొక్కను మూలన పడేసేవారు మరో మూడు వారాలు ఆగితే చాలు.

కోస్తా జిల్లాల సంగతి వేరు. విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల రాత్రులు 20 డిగ్రీలకు దిగడానికి ఇంచుమించు డిసెంబరు రావాలి. అప్పుడు పుట్టిన మొగ్గ ఫిబ్రవరిలో విచ్చుకోవాలి. ఈలోగా పగటి ఎండ ముదిరి మొగ్గలు రాలడం మొదలవుతుంది. కనుక కోస్తాలో ఈ మొక్కను ఏటా తప్పక పూస్తుందన్న భరోసాతో కొనవద్దు. శీతలీకరించిన పడకగదిలో పెట్టి పూయించడం సాధ్యమే గాని, ఆ నాలుగు పూలకయ్యే కరెంటు ఖర్చుతో సంక్రాంతి నెలంతా ఇంటికి చామంతులు కొనవచ్చు. మదనపల్లె, హార్స్‌లీ కొండలు, అరకు, చింతపల్లి, లంబసింగి వంటి ఎత్తైన ప్రాంతాలే ఆంధ్రప్రదేశ్‌లో దీనికి నిజమైన నెలవులు.

ఇక దీపాల సంగతి. మన ఇళ్ళలో అందమైన కుండీకి స్థానం ముందుగది. అక్కడ రాత్రి 11 గంటల వరకు ట్యూబులైటు, టీవీ వెలుగుతాయి. బాల్కనీలో పెడితే వీధి దీపం తెల్లవార్లూ వెలుగుతుంది. మొక్క పచ్చగా ఉండి పూయకపోవడానికి మన నగరాల్లో ప్రధాన కారణం ఇదేనని చెప్పగలను. అక్టోబరు మూడవ వారం నుండి ఆరు వారాల పాటు సాయంత్రం 6 తర్వాత దీపం వెలగని గది కిటికీ దగ్గరికో, మేడ మీద వీధి వెలుగు పడని ఉత్తరపు గోడ నీడకో కుండీని మార్చాలి. అది కుదరనివారు సాయంత్రం 5.30కి మందపాటి నల్లని నూలు గుడ్డ కప్పి ఉదయం 7.30కి తీయవచ్చు. పాలిథిన్ సంచి కప్పరాదు. లోపల వేడి, తేమ చేరి లాభం కన్నా నష్టం ఎక్కువ. అట్టపెట్టె బోర్లించడం గుడ్డ కన్నా మేలు, పెట్టెకు గాలి ఆడే రంధ్రాలు నీడవైపు ఉండాలి. పగలు మాత్రం మొక్కకు మంచి వెలుతురు తప్పదు. ఆరు వారాలూ చీకట్లోనే ఉంచినవారి మొక్కలు పూయవు, పాలిపోతాయి.

కుండీ, మట్టి, నీరు

తోట ఎర్రమట్టిలోనో నల్లరేగడిలోనో నాటితే ఈ మొక్క ఒక్క వానకాలం దాటదు. చెట్టు పంగలోని ఆకుమట్టిని కుండీలో తిరిగి సృష్టించాలి. కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, బాగా చివికిన ఆకుమట్టి ఒక పాలు, ముతక ఇసుక లేదా పెర్లైట్ ఒక పాలు, చిన్న బొగ్గు ముక్కలు లేదా చెట్టు బెరడు ముక్కలు ఒక పాలు చొప్పున కలిపితే సరిపోతుంది. కొబ్బరి పొట్టును వాడేముందు రెండు మూడుసార్లు మంచి నీటిలో నానబెట్టి పిండాలి. కడగని పొట్టులోని లవణాలు లేత వేళ్ళను మాడుస్తాయి. మిశ్రమం ఉదజని సూచిక 5.5 నుండి 6.5 మధ్య ఉండడం మంచిది. మన బోరు నీరు చాలాచోట్ల కఠినమైనది, క్షారగుణం కలది. అదే నీరు ఏడాది పొడవునా పోస్తే మట్టి మీద తెల్లని పొర కట్టి, కొత్త ఖండాలు పసుపు బారుతాయి. వాన నీరు పట్టి ఉంచుకోగలిగితే ఈ మొక్కకు అంతకు మించిన పోషణ లేదు.

కుండీ చిన్నదిగా, లోతు తక్కువగా ఉండాలి. వేళ్ళు కాస్త ఇరుకుగా ఉంటేనే మేలు. రెండు మూడేళ్ళకోసారి పూత ముగిశాక ఒక అంగుళం పెద్ద కుండీలోకి మార్చితే చాలు. కాక్టస్ కదా అని నెలకోసారి నీరు పోసేవారు, ఇష్టం కదా అని రోజూ పోసేవారు ఇద్దరూ మొక్కను చంపుతారు. పైమట్టి వేలి గోరు లోతు వరకు ఆరినప్పుడు నిండుగా పోసి, అడుగు పళ్ళెంలో చేరిన నీటిని పారబోయాలి. ఖండాలు మెత్తబడి ముడతలు పడితే వెంటనే నీరు పోయడం అలవాటు. ముందు మట్టిని ముట్టుకొని చూడాలి. తడి మట్టిలో వాడిన మొక్కకు దాహం కాదు, వేరుకుళ్ళు.

ఎరువు విషయంలో చెప్పవలసింది కొద్దే. మార్చి నుండి ఆగస్టు వరకు 19-19-19 వంటి నీటిలో కరిగే ఎరువు లీటరుకు 1 గ్రాము చొప్పున పదిహేను రోజులకోసారి ఇవ్వవచ్చు. ఈ మొక్కకు మెగ్నీషియం అవసరం ఎక్కువ కనుక నెలకోసారి వేరుగా మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 1 గ్రాము కలిపి పోయాలి. సెప్టెంబరు రాగానే నత్రజని ఆపాలి. అప్పుడే పుట్టిన, ఇంకా ముదరని చిన్న ఖండాలను సెప్టెంబరు చివర వేలితో మెలితిప్పి తీసివేస్తే మిగిలిన ముదురు ఖండాలన్నీ ఒకేసారి మొగ్గ తొడుగుతాయి. వాణిజ్య పెంపకందారులు విదేశాల్లో తప్పక చేసే పని ఇది. మన ఇళ్ళలో చేసేవారిని అరుదుగా చూశాను.

మన వేసవి అసలు పరీక్ష

ఏప్రిల్, మే నెలలను దాటించడమే మన దగ్గర పెద్ద పని. పండుగ కాక్టస్ రాత్రిపూట రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును పీల్చుకొని, ఆమ్లంగా దాచుకొని, పగలు రంధ్రాలు మూసి దాన్ని వినియోగించుకుంటుంది. నీటిని పొదుపు చేసే ఈ పద్ధతికి చల్లని రాత్రి అవసరం. రాత్రి 28, 30 డిగ్రీలున్నప్పుడు ఆ పీల్పు మందగించి, శ్వాసక్రియలో ఖర్చు పెరుగుతుంది. మొక్క దాచుకున్నది తిని బతుకుతుంది. ఆ నెలల్లో అది పెరగకపోవడం రోగం కాదు, ఎరువు వేసి తట్టి లేపరాదు. తూర్పు ముఖంగా ఉన్న నీడలో, నేరుగా ఎండ పడని చోట, ఇతర కుండీల మధ్య గుంపుగా ఉంచాలి. ఎండ తగిలిన ఖండాలు ముందు ఎర్రబడి తర్వాత తెల్లగా మాడతాయి. మట్టి కుండీ చుట్టూ తడి ఇసుక పోసిన పళ్ళెం పెడితే వేళ్ళ దగ్గర రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఎయిర్ కూలరు ఎదురుగాలి మాత్రం తగలనీయవద్దు.

తొలకరి వానలతో తెగుళ్ళు వస్తాయి. పిథియం, ఫైటోఫ్తొరా వల్ల మొక్క మొదలు నీరు కారుతూ మెత్తబడుతుంది. ఫ్యుజేరియం వల్ల మట్టిని ఆనుకున్న ఖండం గోధుమరంగుకు మారి ఎండుతుంది. మొదలు కుళ్ళిన మొక్కను మందుతో బతికించాలని చూడడం వృథా. పైనున్న ఆరోగ్యవంతమైన ఖండాలను తీసి కొత్తగా నాటుకొని, పాత మట్టిని పారవేయాలి. పక్క కుండీలకు ముందుజాగ్రత్తగా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున మొదలు తడిచేలా పోయవచ్చు. పిండినల్లి ఖండాల కీళ్ళ సందుల్లో దూదిలా చేరుతుంది. చేతి దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచి, వారం విడిచి వేపనూనె లీటరుకు 5 మి.లీ. చొప్పున కొద్దిగా సబ్బు నీరు కలిపి చల్లాలి. మన దేశంలో నాగజెముడును అదుపు చేయడానికి 1926లో తెప్పించిన కోచినీల్ పురుగు ఈ పిండినల్లికి దగ్గరి చుట్టమే. కాక్టస్ కుటుంబం మీద ఈ వర్గపు పురుగుల శక్తి ఎంతటిదో ఆ చరిత్ర చెబుతుంది.

మొగ్గలు రాలడం మరో ఫిర్యాదు. మొగ్గ దశలో చోటు మార్చడం, మట్టి ఎండిపోవడం లేదా నానిపోవడం, వెలుతురు తగ్గడం, వేడిగాలి తగలడం మామూలు కారణాలు. వీటికి తోడు ఈ మొక్క ఇథిలీన్ వాయువును అసలు తట్టుకోదు. మాగుతున్న అరటి గెల, జామపండ్ల బుట్ట ఉన్న గదిలో పెట్టిన కుండీ మొగ్గలన్నీ రెండు రోజుల్లో రాల్చడం వింత కాదు.

సేకరణ: మక్కువ, మర్యాద

ఒక్క కుండీ పూసిందంటే రెండవ రంగు కావాలనిపిస్తుంది. ఇక్కడి నుండే సేకరణ మొదలవుతుంది. తెలుపు, గులాబీ, ఎరుపు, నారింజ, రెండు రంగుల అంచులు గల రకాలు వందల సంఖ్యలో ఉన్నాయి. పసుపు రంగు చాలాకాలం దొరకలేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో రూపొందిన ‘గోల్డ్ చార్మ్’ మొదటి పసుపు రకం. పసుపు, తెలుపు రకాలు కొనేవారు ఒక విషయం తెలుసుకోవాలి. మొగ్గ ఎదిగే దశలో ఉష్ణోగ్రత సుమారు 14 డిగ్రీలకన్నా తగ్గితే ఆ పూలకు గులాబీ ఛాయ వస్తుంది. నర్సరీవాడు వేరే మొక్క అంటగట్టాడని తగాదా పడేముందు ఆ నెల చలిని గుర్తు చేసుకోవాలి. 1978లో శాస్త్రలోకానికి పరిచయమైన ఓర్సిచియానా జాతి పూలు ఈ ప్రజాతిలోకెల్లా పెద్దవి. ట్రంకేటాతో దాని సంకరాలు కొత్త తరం రకాలకు దారి తీశాయి.

సేకరణకు ఖర్చు లేని మార్గం ముక్కల మార్పిడి. పూత అయ్యాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండు మూడు ఖండాలున్న ముక్కను కత్తితో కాక వేళ్ళతో మెలితిప్పి తీసి, రెండు మూడు రోజులు నీడలో గాయం ఆరనిచ్చి, అడుగు ఖండం సగం వరకు మట్టిలో గుచ్చితే నాలుగు నుండి ఆరు వారాల్లో వేరు పడుతుంది. ఒక్కొక్క ముక్క కాకుండా ఒకే కుండీలో నాలుగైదు గుచ్చితే మొదటి ఏడాదే గుబురు వస్తుంది. ప్రతి కుండీలో రకం పేరు, ఇచ్చినవారి పేరు, తేదీ రాసిన పలక గుచ్చాలి. పూలు లేనప్పుడు అన్ని ట్రంకేటాలూ ఒక్కలాగే ఉంటాయి. పేరు పోయిన రకం సేకర్తకు సగం పోయినట్లే.

వేరుకుళ్ళుతో విసిగినవారికి అంటుకట్టడం మంచి దారి. 19వ శతాబ్దపు ఐరోపాలో వీటిని పెరెస్కియా అనే కాక్టస్ మొదలుపై అంటుకట్టి గొడుగు చెట్లలా పెంచేవారు. మన రైతుల తోటల్లో కత్తిరించి పారవేసే డ్రాగన్ ఫ్రూట్ కాండం కూడా అంటుమొదలుగా పనికివస్తుంది. వేరు పడిన అడుగు పొడవు కాండం కొసను అడ్డంగా కోసి, మధ్యలో చీలిక చేసి, రెండు ఖండాల ముక్క అడుగును రెండువైపులా పలచగా చెక్కి అందులో దించి, ఒక ముల్లుతోనో సూదితోనో నిలిపితే చాలు. రెండింటి నడిమి ఈనెలు ఒకదాన్నొకటి తాకాలి.

విదేశాల్లోని మనవారు తిరిగి వచ్చేటప్పుడు సూట్‌కేసులో నాలుగు ముక్కలు తెస్తామంటారు. ప్రేమతో అన్న మాటే అయినా ఒప్పుకోకూడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువీకరణ లేకుండా నాటే మొక్క భాగాలు తేరాదు. కాక్టస్‌లకు సోకే వైరసులు పైకి కనిపించకుండా ముక్కలతో ప్రయాణిస్తాయి. అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందంలో ఇంచుమించు కాక్టస్ కుటుంబం అంతా రక్షిత జాబితాలో ఉన్నా, కృత్రిమంగా వృద్ధి చేసిన ట్రంకేటా రకాలకు, బక్లీ సంకరానికి మినహాయింపు ఇచ్చారు. కుండీలో పుట్టిన మొక్క ప్రపంచమంతా నిండిపోయింది కనుక అడవి నుండి తేవలసిన పని లేదన్నది అందులోని భావం. ఆ అడవి మాత్రం నేడు చిన్న చిన్న ముక్కలుగా మిగిలింది. అక్కడి సహజ జాతుల విత్తనం, ముక్క అంటూ ఎవరైనా అమ్మజూపితే మూలం అడగాలి.

ఏజెన్సీ కొండలకు ఒక సూచన

మైదానంలో మొగ్గ పట్టడం కష్టమని పైన చెప్పాను. అదే కారణం విశాఖ మన్యానికి అవకాశం. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియాల తీగల పక్కన ఉండే వెలుతురు, తేమ, నవంబరు నాటి చలి ఈ మొక్కకు పుట్టింటిని గుర్తుచేసేవే. వీధి దీపాల బెడద కూడా లేదు. మహిళా సంఘాలు వేసవిలో ముక్కలు నాటి, 10 సెంటీమీటర్ల కుండీల్లో ఏడాదిన్నర పెంచి, మొగ్గ పట్టిన మొక్కలను వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని విశాఖ బజారుకు డిసెంబరులో దించగలిగితే, ఇప్పుడు ఇతర రాష్ట్రాల నుండి తెచ్చి అమ్ముతున్న నర్సరీలకు స్థానిక సరుకు దొరుకుతుంది. ఇది పరీక్షించి చూడదగినదే గాని వెంటనే పెట్టుబడి పెట్టదగినదని నేను అనను. మొదట రెండు మూడు వందల కుండీలతో, రెండు మూడు రకాలతో, వేర్వేరు ఎత్తుల్లో రెండు సీజన్లు చూడాలి. మొగ్గ కనిపించిన తేదీ, ఆనాటి రాత్రి ఉష్ణోగ్రత, కుండీకి ఎన్ని మొగ్గలు, బజారు చేరేసరికి ఎన్ని మిగిలాయి అన్న నాలుగు అంకెలు రాసుకోవాలి. నాలుగవ అంకెలోనే లాభనష్టాలు తేలుతాయి. మొగ్గలు పూర్తిగా ఉబ్బిన తర్వాత కాక, 1 సెంటీమీటరు పొడవున్నప్పుడు, మట్టి తడి ఆరకుండా, గాలి ఆడే పెట్టెల్లో, రాత్రి చల్లని వేళ కొండ దించాలి. అదే బండిలో అరటి గెలలు ఎక్కించకూడదు.